పోతోసి వెళ్ళేవారికి: వెండి కొండ కింది ఊరిని ఎలా చూడాలి

ముప్పై నాలుగేళ్ళు గోదావరిఖని బొగ్గు బావుల్లో పనిచేశాను. ఇక్కడ బావి అని రాస్తున్నాను గానీ మా నోట అది ఎప్పుడూ 'బాయి'యే. తట్ట మోసే పనితో మొదలుపెట్టి, బావిలో పని చేయించే సర్దార్ పరీక్ష పాసై, వాళ్ళపైన ఉండే ఓవర్‌మన్‌గా రిటైరయ్యాను. మా బిడ్డ చిలీ దేశంలో, సాంతియాగోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆమె దగ్గరికి వెళ్ళినప్పుడు, "నాన్నా, ఇంత దూరం వచ్చావు, ఏం చూస్తావు?" అని అడిగింది. పోతోసి అన్నాను. సర్దార్ పరీక్షకు చదివే రోజుల్లో మాకు పాఠం చెప్పిన సారు ఒకసారి, "దక్షిణ అమెరికాలో ఒక కొండ ఉంది, నాలుగు వందల ఏళ్ళకు పైగా తవ్వుతున్నా ఇంకా తవ్వుతూనే ఉన్నారు" అన్నారు. ఆ మాట అప్పటినుంచి మనసులో ఉంది.

జూన్ నెలలో ఇద్దరం వెళ్ళాం. ఊళ్ళో ఐదు రాత్రులు ఉన్నాం. చాలామంది ఉయుని ఉప్పు ఎడారికి పోతూ దారిలో ఒక్క పూట ఇక్కడ ఆగి, బావిలోకి దిగి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. ఆ ఒక్క పూటలో ఈ ఊరు అర్థం కాదు. ఏం చూడాలి అనేదానికంటే ఏది ముందు చూడాలి, ఏది చివర చూడాలి అనేది ఇక్కడ ముఖ్యం. నేను చెప్పే వరుసలో చూడండి. బావి చివరికి పెట్టుకోండి.

ముందు గాలి సంగతి

పోతోసి బొలీవియా దేశంలో ఉంది, 4,000 మీటర్లు దాటిన ఎత్తులో. మనవాళ్ళు చాలామంది చూసిన లేహ్ 3,500 మీటర్లు. అంటే దానికంటే ఇంకా పైన. సముద్రమట్టంలో ఒక్కసారి గాలి పీల్చితే అందే ఆక్సిజన్‌లో ఇక్కడ అందేది సుమారు 60 శాతం. మంచి ఆరోగ్యం ఉన్నవాళ్ళకు కూడా మొదటి రోజు రెండు మెట్లు ఎక్కితే గుండె దడదడ కొట్టుకుంటుంది. అక్కడివాళ్ళు దీన్ని 'సోరోచే' అంటారు.

అందుకని నేరుగా పోతోసికి పోవద్దు. మన దగ్గర్నుంచి వెళ్ళేవాళ్ళకు నాకు తెలిసినంతలో మంచి దారి ఇది: సావో పాలో మీదుగానో మాడ్రిడ్ మీదుగానో సాంతా క్రూజ్ చేరండి. అది సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉన్న వేడి ఊరు. అక్కడి నుంచి విమానంలో సూక్రే వెళ్ళండి. సూక్రే 2,800 మీటర్లు. తెల్లటి గోడల ఊరు, చల్లగా, హాయిగా ఉంటుంది. పాతకాలంలో పోతోసి గనుల యజమానులు కూడా ఇళ్ళు ఇక్కడే కట్టుకున్నారు. అక్కడ కనీసం మూడు రాత్రులు పడుకోండి. ఒళ్ళు కొంచెం అలవాటు పడ్డాక బస్సెక్కండి. 160 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు. పగటి బస్సే ఎక్కండి, ఆ కొండదారి చూడదగ్గది.

బయలుదేరే ముందు నేను గుండె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే రెండూ చేయించుకున్నాను. గనిలో చేసిన మనిషికి ఎక్స్‌రే కొత్త కాదు గానీ ఈసారి భయంగానే చూపించుకున్నాను. బీపీ, షుగరు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టరు సరే అంటేనే వెళ్ళండి. ఎత్తుకు ముందుగా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర గురించి కూడా డాక్టర్నే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

మొదటి రోజు తలనొప్పి, కొంచెం వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. తేలికగా తినండి, నీళ్ళు ఎక్కువ తాగండి, మద్యం ముట్టొద్దు. ఏమీ చేయకుండా కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గు ఆగకపోతే, నడకలో తూలుతుంటే, మాట తడబడుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ గంటలోనే కారు మాట్లాడుకుని సూక్రే వైపు కిందికి దిగిపోండి. కిందికి దిగడమే దానికి మొదటి మందు.

హోటళ్ళలో కోకా ఆకు టీ ఇస్తారు. వేలాది ఏళ్ళుగా ఆ కొండల జనం నమిలే ఆకు అది, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఒక్క కప్పు తాగినా తర్వాత మూత్ర పరీక్షలో కొకెయిన్ కనపడవచ్చు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో డ్రగ్ టెస్టులు ఉండే ఉద్యోగాలు చేసేవాళ్ళు తాగకపోవడమే మంచిది. మా బిడ్డ తాగలేదు, నేను తాగాను. తలనొప్పి కొంచెం తగ్గింది.

ఇంకో సంగతి, బియ్యం గురించి. ఆ ఎత్తులో నీళ్ళు 87 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకుగానే ఉంటుంది, కందిపప్పు గంటసేపు ఉడికించినా మెత్తబడదు. మేం దిగిన ఇంటి పెద్దమ్మ వంటింట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది. ఆ ఊళ్ళో అది లేకుండా ఇల్లు గడవదట. మా బిడ్డ తెచ్చిన కందిపప్పు అందులో పెట్టాం. విజిల్ వినగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. వంటిల్లు వాడుకోనిచ్చే బస దొరికితే అదే తీసుకోండి.

కాగితాలు, బట్టలు

వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు బొలీవియా రాయబార కార్యాలయం చెప్పేది చూసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మర్చిపోకండి. బొలీవియా ఆ జబ్బు ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, కార్డు లేకుండా ఇండియాలో దిగితే మనల్నే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. పెద్ద వయసువాళ్ళకు ఈ టీకా వేసేముందు డాక్టరు విడిగా చూడాలి, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

మే నుంచి అక్టోబరు దాకా వానలుండవు, ఆకాశం నీలంగా ఉంటుంది, రాత్రిళ్ళు మాత్రం నీళ్ళు గడ్డకడతాయి. చాలా ఇళ్ళలో హీటర్లు ఉండవు. ఉన్ని బనియను, మఫ్లరు, కోతి టోపీ పెట్టుకోండి. పగలు ఎండ చర్మాన్ని కాలుస్తుంది. ప్రయాణంలో రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి. బొలీవియాలో ఏదైనా గొడవ వస్తే జనం రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి కూర్చుంటారు, దాన్ని 'బ్లోకేయో' అంటారు. అది ఎప్పుడు తెరుచుకుంటుందో డ్రైవరుకు కూడా తెలియదు.

మొదటి పూట: ఊళ్ళో నడక

బస్సు దిగేలోపే కొండ కనిపిస్తుంది. సెర్రో రికో, అంటే ధనికమైన కొండ. అక్కడి కొండ జనం మాట్లాడే కెచువా భాషలో సుమాక్ ఉర్కు, అందమైన కొండ. దాదాపు 4,800 మీటర్లు. చిన్నపిల్లలు బొమ్మ గీస్తే వచ్చే కొండలాగే ఉంటుంది, ముక్కోణంగా, ఎర్రగా. ఏ సందులోంచి తలెత్తినా చివర్లో అదే నిలబడి ఉంటుంది.

ఆ రోజుకు ఇంకేమీ పెట్టుకోకుండా పదో నవంబరు చౌక్ నుంచి మెల్లగా నడవండి. 1810 నవంబరు 10న స్పెయిన్ మీద ఇక్కడ జరిగిన తిరుగుబాటు పేరు అది. సందులు ఇరుకు, వంకరటింకర. గాలి కోసేస్తుంది కాబట్టి దాన్ని అడ్డుకోవడానికి అలా కట్టారని చెబుతారు. ఏడు మలుపుల సందు అని ఒకటి ఉంది, అందులో నడిస్తే ఆ మాట నిజమని ఒంటికే తెలుస్తుంది. ఇళ్ళకు చెక్కతో మూసిన బాల్కనీలు. చిన్న చిన్న రాళ్ళు పరిచిన వీధులు. ఇప్పుడు ఊరు చాలావరకు బీదదే. కానీ 1600ల మొదట్లో ఇక్కడ లక్షకు పైగా జనం, ప్రపంచంలోని పెద్ద ఊళ్ళలో ఒకటి. స్పానిష్‌లో దేని విలువైనా చాలా ఎక్కువని చెప్పాలంటే ఇప్పటికీ 'వాలే ఉన్ పోతోసి', ఒక పోతోసి ఎంత విలువో అంత, అంటారు.

దీనికి మొదలు 1545. దియేగో ఉవాల్పా అనే స్థానికుడు కొండ మీద వెండి చూశాడు. తప్పిపోయిన లామాను (బరువులు మోసే ఒంటె జాతి జంతువు) వెతుకుతూ వెళ్ళి, రాత్రి చలికి మంట వేసుకుంటే తెల్లారేసరికి మంట కింద వెండి కరిగి పారిందని జనం చెప్పుకునే కథ. మొదట్లో ఆ కొండవాళ్ళే తమ పద్ధతిలో వెండి తీసేవారు. 'వైరా' అంటే గాలి. గాలి వీచే వాలుల్లో చిన్న చిన్న మట్టి కొలుములు పెట్టి, ఆ గాలితోనే ఖనిజాన్ని కరిగించేవారు. రాత్రిపూట కొండంతా దీపాలు పెట్టినట్టుండేదట. పైపైన ఉన్న మంచి ఖనిజం ఇరవై ఏళ్ళలో తగ్గిపోయింది. ఆ తర్వాత జరిగింది తెలుసుకోవాలంటే మర్నాడు టంకసాలకు, అంటే నాణేలు కొట్టిన చోటికి వెళ్ళాలి.

రెండో రోజు: టంకసాల

కాసా నాసియోనాల్ దే లా మోనేదా. సోమవారం మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో గైడుతోనే లోపలికి పంపుతారు. ఇంగ్లీషు గైడు ఏ వేళకు ఉంటారో ముందురోజే గేటు దగ్గర అడిగి పెట్టుకోండి. లోపల బయటికంటే చలి, కోటు విప్పకండి.

తలుపు దాటగానే పైన ఒక పెద్ద ముఖం నవ్వుతూ కనిపిస్తుంది, మాస్కరోన్ అంటారు. 1865లో పెట్టింది. అది ఎవరి ముఖం అని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. అక్కడ ఎక్కువసేపు నిలబడకండి, అసలైనవి లోపల ఉన్నాయి.

ఊళ్ళో మొదటి టంకసాల 1570లలో వచ్చింది. ఇప్పుడు మనం చూసే కట్టడం 1773లో పూర్తయింది. గోడలు కోట గోడల్లా ఉంటాయి. నన్ను కదలకుండా నిలబెట్టింది చెక్క యంత్రాల గది. పై అంతస్తులో మనిషికంటే ఎత్తైన పళ్ళచక్రాలు, అన్నీ చెక్కవే, స్పెయిన్ నుంచి విడిభాగాలుగా తెచ్చినవి. వెండి కడ్డీని వాటి మధ్యలోంచి మళ్ళీ మళ్ళీ పంపి, నాణెం మందానికి రేకుగా లాగేవారు. వాటిని తిప్పే ఇరుసు నేల కిందికి దిగుతుంది. కింది గదిలో కంచర గాడిదలు చీకట్లో గుండ్రంగా తిరిగేవి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు కూడా ఈ టంకసాలలో పనిచేశారు. గైడు పైగది చూపించి ముందుకు పోతుంటే, "కింది గది కూడా చూపించండి" అని అడగండి. మేం అడిగాం, చూపించారు. బొగ్గు తొట్లను తాడుతో లాగే హాలర్ ఇంజను పక్కన జీవితం గడిపిన నాకు ఆ కింది గది దగ్గరే ఎక్కువసేపు ఉండాలనిపించింది.

నాణేల గదిలో పోతోసి ముద్ర వెతకండి. పి, టి, ఎస్, ఐ అనే నాలుగు అక్షరాలు ఒకదానిమీద ఒకటి వేసిన గుర్తు. డాలరు గుర్తు దీన్నుంచే పుట్టిందని అక్కడివాళ్ళు గట్టిగా చెబుతారు. ఆ గది చూస్తున్నప్పుడు మచిలీపట్నం తలుచుకోండి. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగింది మన నేతగాళ్ళ బట్టల కోసం. వాళ్ళ సరుకు మనకు పెద్దగా అక్కర్లేదు కాబట్టి బదులుగా ఎక్కువగా వెండే తెచ్చారు. ఆ కాలంలో ఐరోపాకు చేరిన వెండిలో పెద్ద వాటా అమెరికా గనులది, అందులో ఈ కొండది చాలా పెద్దది. కాబట్టి మన తీరంలో ఏ సాలె కుటుంబం చేతికో ఈ కొండ వెండి చేరే ఉంటుంది. ఆ రోజు టంకసాలలో మా బిడ్డకు ఈ సంగతి చెబితే, మళ్ళీ వెనక్కి వెళ్ళి నాణేలన్నీ మొదటినుంచి చూసింది.

బొమ్మల గదిలో 'కొండ కన్య' అనే పటం ఒకటి ఉంది. 18వ శతాబ్దానిది, గీసినవారి పేరు లేదు. కొండే మేరీమాత ఒళ్ళు. ముక్కోణపు కొండకు పైన తల్లి ముఖం, పక్కల రెండు చేతులు. కొండ వాలు మీద సన్నటి దారులు, లామాలు, పనివాళ్ళు. ఒకవైపు సూర్యుడు, ఒకవైపు చంద్రుడు. కింద పోపు, రాజు మోకరిల్లి ఉన్నారు. అక్కడి జనం భూమిని పాచమామ అని, తల్లిగా కొలుస్తారు. చర్చి చెప్పిన తల్లిని, తమ తల్లిని ఒక్క బొమ్మలో కలిపేసుకున్నారు. మా బావుల దగ్గర మైసమ్మ గుడి ఉంటుంది, షిఫ్టుకు దిగేముందు దండం పెట్టుకునే పోతాం. ఆ పటం ముందు నా చేతులు వాటంతటవే కలిశాయి.

ఇక్కడే గైడును 'మీతా' గురించి అడగండి. 1570లలో ఫ్రాన్సిస్కో దే తోలేదో అనే స్పెయిన్ వైస్రాయి పెట్టిన వెట్టి అది. పదహారు జిల్లాల నుంచి ప్రతి ఏడుగురు మగవాళ్ళలో ఒకరు ఏడాదిపాటు పోతోసికి రావాలి. ఏటా సుమారు 13,500 మంది. పెళ్ళాం పిల్లలతో, లామాల మీద తిండి వేసుకుని, నెలల తరబడి నడిచి వచ్చేవాళ్ళు. చాలామంది తిరిగి పోలేదు. అదే కాలంలో పాదరసం పద్ధతి వచ్చింది. తక్కువ రకం ఖనిజాన్ని పొడిచేసి, ఉప్పు, పాదరసం కలిపి తొక్కి, కడిగి, చివర్లో కాలిస్తే పాదరసం ఆవిరై వెండి మిగులుతుంది. తొక్కినవాళ్ళ ఒంట్లోకి, పీల్చినవాళ్ళ ఊపిరిలోకి ఆ విషం పోయింది. మీతా 1812 దాకా చట్టంలో ఉంది. ఎనభై లక్షల మంది చచ్చిపోయారు అని కొందరు గైడులు చెబుతారు. ఆ అంకె వెనుక లెక్క కట్టిన పుస్తకం ఏదీ లేదు. కానీ చెప్పిన గైడుతో వాదించకండి. వాళ్ళ తాతముత్తాతల చావు గురించి మాట్లాడుతున్నారు.

మూడో రోజు: గుళ్ళు, చెరువులు

చర్చిలు చాలా ఉన్నాయి. అన్నీ చూడాలంటే కాళ్ళు పోతాయి. సాన్ లోరెన్సో చర్చి రాతి ద్వారం మాత్రం తప్పకుండా చూడండి, టికెట్ కూడా అక్కర్లేదు, వీధిలోంచే కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో స్థానిక శిల్పులు చెక్కింది. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, చిన్న తీగవాద్యాలు వాయిస్తున్న జలకన్యలు. పొద్దున ఎండ పడేటప్పుడు వెళితే ఒక్కో ఆకు, ఒక్కో పండు తేలి కనిపిస్తుంది. మన రామప్ప చూసిన కళ్ళకు ఆ పనితనం వెంటనే పట్టుబడుతుంది. సాన్ ఫ్రాన్సిస్కో మఠం పైకప్పు ఎక్కితే ఊరంతా, కొండంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. సాంతా తెరేసా మఠం 1685 నాటిది. ఓపిక ఉంటే చూడండి, నేను సగంలో బయటికొచ్చి ఎండలో కూర్చున్నాను.

మధ్యాహ్నం కారు మాట్లాడుకుని కారి కారి చెరువులకు వెళ్ళండి. యాత్రికులు ఎవరూ పెద్దగా రారు గానీ నాకు ఇది చాలా నచ్చింది. ఖనిజం పొడిచేసే మరలకు నీటి బలం కావాలి, ఇక్కడేమో ఆరు నెలలు చుక్క వాన పడదు. అందుకని 1570ల నుంచి కొండల్లో కట్టలు కట్టి, ఒక చెరువు నీళ్ళు ఇంకో చెరువులోకి, అక్కడి నుంచి ఊరి నడుమ కాలువలోకి తెచ్చారు. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్ళకు ఎవరూ వివరించక్కర్లేదు. 1626 మార్చిలో సాన్ ఇల్దెఫోన్సో చెరువు కట్ట తెగి, నీళ్ళు ఊరి మీద పడ్డాయి. మరలు కొట్టుకుపోయాయి, మనుషులు పెద్ద ఎత్తున పోయారు. కట్ట మీద నిలబడి కిందికి చూస్తే ఊరు ఎంత నేరుగా కింద ఉందో తెలుస్తుంది. ఇంకాస్త ఎత్తు కాబట్టి అక్కడ చాలా మెల్లగా నడవండి.

నాలుగో రోజు: బావి

బావిలోకి దిగాలా వద్దా అనేది ముందు ఇంటి దగ్గరే తేల్చుకోండి. ఆయాసం, గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి, ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్ళు దిగొద్దు. చిన్నపిల్లల్ని తీసుకుపోవద్దు. దిగకపోయినా ఏమీ పోదు. కొండ పాదం దగ్గరికి వెళ్ళి బావి నోళ్ళు చూసి రావచ్చు.

అది మ్యూజియం కాదని మాత్రం గుర్తుంచుకోండి. తగరం ధర 1985లో కూలిపోయాక ప్రభుత్వ గనుల్లో పని పోయినవాళ్ళు వేలమంది సహకార సంఘాలుగా చేరి తవ్వుకుంటున్నారు. వెండి, జింకు, సీసం, తగరం. దొరికిన సరుకును బట్టే కూలి. ఎవరి సిర (ఖనిజపు చార) వెంట వాళ్ళు తవ్వుతూ పోవడంతో కొండ లోపల గుల్లయిపోయింది. మా బొగ్గు బావుల్లో పిల్లర్లు ఎక్కడ వదలాలో, ఎప్పుడు తీయాలో ప్లాను ఉంటుంది, తీశాక రూఫ్ పడేదాకా ఆ దిక్కు ఎవరినీ పోనివ్వం. ఇక్కడ కొండ శిఖరమే కుంగుతోంది. 1987లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన యునెస్కో, 2014లో దీన్ని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. శిఖరం వైపు ఎవరు తీసుకెళ్తామన్నా ఒప్పుకోకండి.

గైడును ఎంచుకునేటప్పుడు నాలుగు మాటలు అడగండి. మీరు బావిలో పనిచేశారా? మేమిచ్చే డబ్బులో సంఘానికి, పనివాళ్ళకు ఎంత పోతుంది? ఎంతసేపు లోపల ఉంటాం? వచ్చిన దారినే బయటికొస్తామా? గనిలో పనిచేసిన మనిషి వీటికి తడుముకోకుండా జవాబిస్తాడు. ఇచ్చిన హెల్మెట్‌కు గడ్డం పట్టీ ఉందో లేదో, లైటు బ్యాటరీ నిండుగా ఉందో లేదో మీరే చూసుకోండి. మొదట మేం మాట్లాడుకున్న ఒకతను పట్టీ తెగిన హెల్మెట్లు ఇచ్చాడు. ఆ పూట మానేసి, మర్నాడు ఇంకొకరితో వెళ్ళాం. మంచి దుమ్ము మాస్కులు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోండి, కొన్ని ఎక్కువగా.

దారిలో కాల్వారియో దగ్గర గనివాళ్ళ బజారులో ఆపుతారు. అక్కడ డైనమైట్ కూడా అంగట్లో అమ్ముతారు. అది కొనకండి, పేల్చి చూపించమని అడగకండి. పేలుడు మందును ఆటగా చూడడం నా కళ్ళకు ఇష్టం కాదు, గనిలో మందు పేల్చే షాట్ ఫైరర్ పక్కన నిలబడ్డ ఎవరికీ ఇష్టం ఉండదు. కోకా ఆకులు, కూల్‌డ్రింకు సీసాలు, తోలు గ్లవుజులు, మాస్కులు కొనండి. పనివాళ్ళకు అవే అక్కరకొస్తాయి.

లోపల ఒకచోట గడ్డకట్టే చలి, ఇంకో వంద అడుగులు పోతే చెమట కారే వేడి. పట్టాల మీద బండిని మనుషులే తోసుకుంటూ వస్తారు. గైడు కేక వేయగానే గోడకు అంటుకుని నిలబడండి, ఫోటో కోసం ఆగొద్దు. పైపులు, వైర్లు పట్టుకోవద్దు. గోడల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొరల్ని ముట్టొద్దు, వాటిలో ఆర్సెనిక్ అనే విషం ఉండవచ్చు. నేను అలవాటు కొద్దీ ఒక కర్రతో పైకప్పు తట్టి విన్నాను. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. రెండు చోట్ల డొల్లగానే పలికింది. గైడు నా వైపు చూసి, "మినేరో?" అన్నాడు. అవునన్నాను. అప్పటినుంచి నాతో వేరేగా మాట్లాడాడు.

ఒక పక్క గుంటలో 'ఎల్ తియో' కూర్చుని ఉంటాడు. తియో అంటే స్పానిష్‌లో మామ, బాబాయి లాంటి పిలుపు. కొమ్ములున్న మట్టి బొమ్మ. బయట దేవుడు, కొండ లోపల తియో. ఖనిజం ఇచ్చేదీ ఆయనే, కోపమొస్తే ప్రాణం తీసేదీ ఆయనే. మంగళ, శుక్రవారాల్లో చుట్టూ కూర్చుని కోకా ఆకులు చల్లి, సారా పోసి, సిగరెట్టు వెలిగించి ఆయన నోట్లో పెడతారు. సిగరెట్టు వెలిగించగానే నా గుండె ఆగినంత పనైంది. బొగ్గు బావిలో మీథేన్ వాయువు అంటుకుంటుందన్న భయానికి అగ్గిపెట్టె కాదు కదా, జేబులో బీడీ ఉన్నా నేరం, దిగేముందు వెతుకుతారు. ఇది వేరే రాయి అని తెలిసినా నా చెయ్యి ముందుకు పోయింది ఆపడానికి. ఆ ముసలి కార్మికుడు నవ్వి నా దోసిట్లో నాలుగు కోకా ఆకులు పోశాడు. వాళ్ళు ఆ ఆకులతోనే పని గంటలు లెక్కపెడతారు. నోట్లో రుచి పోతే మళ్ళీ పైకొచ్చే వేళైనట్టు.

మనుషుల్ని చూసే పద్ధతి కూడా చెప్పాలి. వాళ్ళు పనిచేస్తున్న చోటికి వెళ్ళేముందు 'కోన్ పెర్మీసో' అనండి, అంటే మీ అనుమతితో అని. 'బుయెనోస్ దియాస్' చెప్పండి. అడగకుండా ముఖాల మీద ఫ్లాష్ వేయకండి. చిన్న వయసు పిల్లలు పనిలో కనపడితే వాళ్ళ ఫోటో తీయనే తీయకండి. బయట చెత్తరాళ్ళలో ఖనిజం ఏరే ఆడవాళ్ళుంటారు, పాల్యీరీ అంటారు. చాలామంది భర్తలు గనిలో పోయినవాళ్ళే. యాత్రికులు వాళ్ళను దాటేసి పోతారు. ఒక గ్లవుజుల జత, ఒక పలకరింపు వాళ్ళకూ ఇవ్వండి. సిలికోసిస్ అనే దుమ్ము జబ్బు ఈ కొండలో మనుషుల్ని చిన్న వయసులోనే తీసుకుపోతుంది. మాస్కులు ఎక్కువ తెమ్మన్నది అందుకే.

తిండి

పొద్దున చలికి 'ఆపి' అనేది తాగండి. నల్ల మొక్కజొన్నతో చేసిన చిక్కటి, తియ్యటి, వేడి పానకం, దాల్చిన చెక్క వాసనతో. పక్కన జున్ను పెట్టి నూనెలో పొంగించిన పాస్తెల్ ఇస్తారు. ఊరి సొంత వంట కాలాపుర్కా. మొక్కజొన్న పిండితో చేసిన చిక్కటి పులుసు. మట్టి గిన్నెలో తెచ్చి, ఎర్రగా కాల్చిన రాయి అందులో వేస్తారు, బుసబుసమని ఉడుకుతుంది. రాయి మీద చెంచా పెట్టకండి. అందులో మాంసం ఉంటుంది. శాకాహారులు 'సిన్ కార్నే, సిన్ పోయో' అని రెండూ చెప్పండి, ఒక్క కార్నే అంటే కోడిమాంసం లెక్కలోకి రాదు.

సోపా దే మానీ అంటే పల్లీల పులుసు. వేరుశనగ మొక్క పుట్టిల్లు బొలీవియా దక్షిణ భాగం, దాన్ని ఆనుకున్న అర్జెంటీనా ప్రాంతమని శాస్త్రజ్ఞులు చెబుతారు. అనంతపురంవాళ్ళు ఆ పులుసు తాగి చూడాలి. బల్ల మీద ల్యాహువా అనే పచ్చడి ఉంటుంది. టమాటా, లోకోతో మిరపకాయ రాతి మీద నూరింది. లోకోతో కోసి చూస్తే గింజలు నల్లగా ఉంటాయి. మిరప కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే. మా బిడ్డ ఆ పచ్చడి అన్నంలో కలుపుకుని తిని, "నాన్నా, ఇది మన రోటి పచ్చడే" అంది.

మిగిలిన రోజు

ఐదో రోజు ఓపిక ఉంటే 25 కిలోమీటర్ల దూరంలో తారాపాయ వేడినీటి గుండానికి వెళ్ళిరండి. గుండ్రటి చెరువు, దాన్ని 'ఇంకా' రాజు (ఆ కొండలను పాతకాలంలో ఏలినవాడు) కన్ను అంటారు. మధ్యలోకి ఈదొద్దని ఊరివాళ్ళు చెబుతారు, ఆ మాట వినండి. ఒడ్డున కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చాలు. ఆగస్టు చివర్లో వెళ్ళేవాళ్ళకు చుతీయోస్ పండగ దొరుకుతుంది. సాన్ బార్తోలోమే పేరున వీధుల నిండా నాట్యాలు. 2023లో యునెస్కో దాన్ని కూడా గుర్తించింది. ఆ రోజుల్లో గదులు దొరకవు, ముందే మాట్లాడుకోండి.

తిరిగి వచ్చే రోజు జేబులు, సంచులు, కోటు మడతలు అన్నీ ఖాళీ చేసుకోండి. కోకా ఆకు ఒక్కటి మిగిలినా ఇండియాలో, చాలా దేశాల్లో అది మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. టీ సంచులు కూడా తేకూడదు. నా కోటు లోపలి జేబులో ఆ ముసలాయన పోసిన నాలుగు ఆకులున్నాయి. బస్టాండులో కొండ వైపు తిరిగి వాటిని నేల మీద పెట్టాను. అక్కడ అందరూ పాచమామకు అలాగే పెడతారు. బస్సు సూక్రే వైపు కదిలింది.